అలిపిరి మెట్ల నుంచి తుంబురు కోన దాకా: తోబుట్టువుతో ఒక రాత్రి, రెండు పగళ్ల కొండ నడక

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లు "రేపు కొండకు పోతున్నాం" అంటే ఏ కొండ అని ఎవరూ అడగరు. నేనూ మా తమ్ముడూ చిన్నప్పటి నుంచి ఆ కొండ ఎన్నిసార్లు ఎక్కామో లెక్కలేదు. అయితే బ్యాగులు వీపున వేసుకుని, ఒక రాత్రి పైనే ఉండి, తెల్లారి అడవిలోకి నడిచి, అక్కడి కోనలో ఉన్న తుంబురు తీర్థం చూసి రావడం మాత్రం వేరే సంగతి. అది మెట్లెక్కినంత సులువు కాదు, అలాగని పర్వతారోహణ శిక్షణ అక్కర్లేదు. కావలసింది మూడు వారాల సాధన, తక్కువ బరువు, పక్కన నడిచే మనిషితో ముందే కుదుర్చుకున్న నాలుగు మాటలు. ఆ మాటలు కుదరక ఒకసారి మేమిద్దరం బాగా ఇబ్బంది పడ్డాం. అందుకే ఈ మార్గదర్శిలో దారి గురించి ఎంత రాశానో, తోబుట్టువుతో నడవడం గురించి కూడా అంతే రాశాను.

తేదీ ముందు, మిగతావన్నీ తర్వాత

భక్తులు ఆ తీర్థానికి స్నానానికి వెళ్లే పండగ రోజును తుంబురు తీర్థ ముక్కోటి అంటారు. అది ఫాల్గుణ పౌర్ణమికి వస్తుంది, అంటే హోలీ రోజుల్లో. దారి తెరిచేది అప్పుడే. మిగతా రోజుల్లో అటు వెళ్లే ఆలోచన పెట్టుకోకండి. శేషాచలం అడవులు 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు అయ్యాయి. దాని విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్లు. 2010లో ఈ కొండలన్నిటినీ కలిపి శేషాచలం జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. పైగా ఇది ఎర్రచందనం అడవి. అనుమతి లేకుండా లోపల కనబడితే, వచ్చింది భక్తుడా దొంగా అని అటవీ సిబ్బంది నిలబెట్టి అడగాల్సిన పరిస్థితి. అందుకే ముక్కోటి నాడు, తెరిచిన దారిలో, తెరిచిన వేళల్లోనే వెళ్లాలి.

అడవిలో గుడారం వేసుకుని పడుకోవాలన్న ఆశ ఉంటే ఇక్కడ వదిలేయండి. రాత్రి బస తిరుమలలోనే. మొదటి రోజు మెట్లెక్కి పైకి చేరడం, రాత్రి నిద్ర, రెండో రోజు తెల్లవారుజామున తిరుమల పైనే ఉన్న పాపవినాశనం తీర్థం నుంచి అడవి నడక, సాయంత్రానికి కిందికి. ఇదీ మొత్తం పథకం.

పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థ ముక్కోటి, మాఘ పౌర్ణమికి కుమారధార ముక్కోటి వస్తాయి. ఫాల్గుణంలో ఎండ ముదురుతుంది కాబట్టి, వేడి పడనివాళ్లు ఆ రెండింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. ఏది ఎంచుకున్నా ఆ ఏడాది ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు లోపలికి వదులుతారో టీటీడీ ప్రకటన చూసుకోవాలి. వేళలు ఏటా ఒకేలా ఉండవు. గుండె జబ్బు, ఆస్తమా, అధిక బరువు ఉన్నవాళ్లనూ, పెద్ద వయసువాళ్లనూ, చిన్నపిల్లలనూ రావద్దని టీటీడీ ప్రతిసారీ చెబుతుంది. దారి చూసినవాళ్లకి ఆ మాట ఎంత అవసరమో తెలుస్తుంది. దయచేసి పట్టించుకోండి.

ఇంట్లోనే తేల్చుకోవాల్సిన మాటలు

స్నేహితులతో వెళ్తే "కాళ్లు నొప్పిగా ఉన్నాయి, కాసేపు కూర్చుందాం" అని నోరు తెరిచి చెబుతాం. అక్కతోనో అన్నతోనో వెళ్తే చెప్పం. చిన్నవాళ్లకి తిట్లు పడతాయని భయం, పెద్దవాళ్లకి చిన్నవాళ్ల ముందు తగ్గడం ఇష్టం ఉండదు. ఇంట్లో పాతికేళ్లుగా నడుస్తున్న అలవాటు అడవిలో మారదు. అక్కడే ప్రమాదం ఉంది.

మా సంగతి చెబుతాను. మొదటిసారి తుంబురుకి వెళ్లినప్పుడు వాడు ముందురోజే కొన్న బూట్లు వేసుకొచ్చాడు. పాతవి వేసుకోరా అని నేను ఇంట్లోనే అన్నాను, వాడు వినలేదు. అడవిలో గంట నడిచేసరికి వాడి అడుగు మారింది. ఎడమ కాలు ఆనించగానే లేపేస్తున్నాడు. "ఏమైందిరా?" అంటే "ఏం లేదులే అక్కా, నడువు" అన్నాడు. రెండోసారి అడిగినా అదే మాట. నేనూ నమ్మినట్టే నడిచాను, ఎందుకంటే ముందుకెళ్లాలని నాకూ ఆత్రంగా ఉంది. నీళ్లు దాటిన తర్వాత వాడు ఒక బండ మీద కూలబడ్డాడు. బూటు విప్పితే తెల్ల సాక్సు మడమ దగ్గర లేత ఎరుపు రంగులో ఉంది. నెమ్మదిగా సాక్సు లాగాను. మడమ మీద పెద్ద రూపాయి బిళ్లంత బొబ్బ, అప్పటికే పగిలి, పైచర్మం తడి కాగితంలా చుట్టుకుపోయి ఉంది. "ముందే చెప్పొచ్చు కదరా" అన్నాను. "చెబితే బూట్ల గురించి మొదలుపెడతావని" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంటుంది. ఆ రోజు తీర్థం చూడకుండానే తిరిగొచ్చేశాం. వచ్చే దారిలో నాలుగైదు కిలోమీటర్లు వాడు బూట్ల మడమలు అణగదొక్కి, వాటినే చెప్పుల్లా వేసుకుని నడిచాడు.

తర్వాతి ఏడాది వెళ్లే ముందు భోజనాల దగ్గర కూర్చుని కొన్ని మాటలు అనుకున్నాం. మీరూ అనుకోండి.

నెమ్మదిగా నడిచేవాళ్లే ముందుండాలి. వేగంగా నడిచేవాళ్లు వెనక ఉంటే ముందున్నవాళ్ల అడుగు చూస్తూ నడుస్తారు. ముందుంటే గబగబా వెళ్లిపోయి, ఎక్కడో కూర్చుని, వెనకవాళ్లు చేరుకోగానే మళ్లీ లేస్తారు. వెనకవాళ్లకి విశ్రాంతే దొరకదు. వయసులో ఎవరు పెద్ద అన్నది ఇక్కడ లెక్కకు రాదు.

నొప్పి గురించి చెబితే తిట్టకూడదు. కారణం ఎవరిదైనా సరే, కొండ దిగేదాకా ఆ చర్చ ఉండదు. పగిలిన బొబ్బ కంటే మొదట్లో ఉండే చురుకు గురించి చెప్పడమే ముఖ్యం. మేమిద్దరం "రాయి" అన్న మాట పెట్టుకున్నాం. ఎవరు "రాయి" అన్నా ఇద్దరూ ఆగాలి, వివరం తర్వాత.

వెనక్కి తిరగాల్సిన వేళ ముందే పెట్టుకోవాలి. పదిన్నర అనుకుంటే పదిన్నరే. తీర్థం ఇంకో మలుపులో ఉందని ఎవరు చెప్పినా తిరగాల్సిందే. ఇద్దరిలో ఒకరు వద్దంటే ఇద్దరూ తిరగాలి, ఓట్లు లేవు.

తప్పిపోతే ఎక్కడ కలవాలో కూడా అనుకోండి. కోనలో ఫోన్ సిగ్నల్ ఉంటుందని నమ్ముకోవద్దు. అడవిలో తప్పిపోతే ఉన్నచోటే ఆగి సిబ్బందికి చెప్పాలి, తిరుమల ఊళ్లో తప్పిపోతే రాంభగీచా బస్టాండ్ దగ్గర కలవాలి. డబ్బులూ ఆధార్ కార్డులూ ఒకే బ్యాగులో పెట్టకుండా ఎవరివి వాళ్ల దగ్గరే ఉంచుకోండి.

మూడు వారాల సాధన

తిరుపతివాళ్లకి ఉన్న అదృష్టం, సాధన చేసే చోటు కూడా ఈ కొండే. మొదటి వారం రోజూ 40 నిమిషాలు వేగంగా నడవండి, ఇంటి మెట్లు పది పదిహేను సార్లు ఎక్కి దిగండి. రెండో వారం అందులో సగం సార్లు బ్యాగుతో ఎక్కండి. మూడో వారం ఒక ఆదివారం శ్రీవారి మెట్టుకి వెళ్లండి. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి మొదలయ్యే ఈ దారిలో 2,388 మెట్లు ఉంటాయి, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు. దూరం తక్కువ కాబట్టి నిటారుగా ఉంటుంది. ఇక్కడ మీ ఇద్దరి వేగాల్లో ఎంత తేడా ఉందో బయటపడుతుంది. అడవిలో వేయబోయే బూట్లు ఈపాటికే పాతబడి ఉండాలి. కనీసం 40 కిలోమీటర్లు నడిచిన బూట్లయితే మంచిది.

ఎక్కడానికి ఊపిరి కావాలి, దిగడానికి మోకాళ్లు కావాలి. అందరూ ఎక్కడం ఒక్కటే సాధన చేస్తారు. నెమ్మదిగా, చప్పుడు లేకుండా దిగడం కూడా అలవాటు చేసుకోండి. పాదం దబ్బున పడుతోందంటే తొడ కండరం పని చేయడం లేదనీ, బరువంతా మోకాలి మీద పడుతోందనీ అర్థం.

బ్యాగు

ఒక్కొక్కరి బ్యాగు నీళ్లతో కలిపి 5 కిలోలు దాటకుండా చూసుకోండి. ఇంటి నుంచి బయల్దేరే ముందు తూకం వేయండి. అమ్మ చివరి నిమిషంలో పెట్టే డబ్బా బరువు కూడా కలిపి. బరువు పంచుకునేటప్పుడు సమానంగా కాకుండా ఒళ్లును బట్టి పంచుకోవాలి. మా తమ్ముడు నాకంటే 18 కిలోలు ఎక్కువ ఉంటాడు కాబట్టి దుప్పట్లు, మందుల సంచి వాడి బ్యాగులో, సద్ది నా బ్యాగులో. తిన్నకొద్దీ నా బ్యాగు బరువు తగ్గుతుంది, సాయంత్రానికి ఇద్దరికీ సరిపోతుంది.

నీళ్లకు స్టీలు బాటిళ్లు తీసుకోండి. తిరుమలలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌కు అనుమతి లేదు. అలిపిరిలో బ్యాగులు స్కాన్ చేస్తారు. సిగరెట్లు, గుట్కా, మద్యం, మాంసాహారం వంటివి కొండ మీదికి పోవు. మామూలుగా ట్రెక్కింగ్‌కు ఉడకబెట్టిన గుడ్లు తీసుకెళ్లే అలవాటున్నవాళ్లు ఈసారి వాటిని మరిచిపోవాలి.

బట్టలు తక్కువ చాలు. రెండో రోజుకి ఒక జత, తొందరగా ఆరే బట్టతో. జీన్స్ వద్దే వద్దు, తడిస్తే బరువెక్కి తొడలు ఒరుసుకుపోతాయి. సాక్సులు మాత్రం మూడు జతలు పెట్టుకోండి. పల్చటి దుప్పటి, తువ్వాలు, టోపీ, టార్చి. ఫోన్ లైటును టార్చిగా లెక్కపెట్టకండి. ఫోన్, ఆధార్ పెట్టుకోవడానికి నీళ్లు చొరని జిప్ సంచి ఉండాలి, కోనలో నీళ్లలో దిగాల్సి వస్తుంది.

మందుల సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు ఆరు, మైక్రోపోర్ టేపు, దూది, గాజుగుడ్డ, క్రేప్ బ్యాండేజీ, యాంటిసెప్టిక్ క్రీము, వాజిలిన్, పారాసిటమాల్, మీరు రోజూ వేసుకునే మందులు. మైక్రోపోర్ టేపు ఒక్కటి మరిచిపోయినా నేను వెనక్కి వెళ్లి తెచ్చుకుంటాను, దానికి కారణం మీకు తెలుసు.

సద్దిలోకి మొదటి రోజు చింతపండు పులిహోర. మధ్యాహ్నం దాకా పాడవదు. పెరుగన్నం ఎండలో పులిసిపోతుంది, వద్దు. రెండో రోజుకి వేయించిన శెనక్కాయలు, బెల్లం, బొరుగులు, ఖర్జూరాలు. శెనక్కాయలూ బెల్లమూ కలిపి కొట్టి ఉండలు చేసుకుంటే జేబులో పెట్టుకుని నడుస్తూ తినొచ్చు. నలభై నిమిషాలకొక ఉండ తింటే కాళ్లలో సత్తువ తగ్గదు.

మొదటి రోజు: అలిపిరి

తెల్లవారుజామున దారి తెరిచే వేళకి అలిపిరిలో ఉండండి. చీకట్లో ఒంటరిగా ముందుకు వెళ్లకుండా నలుగురితో కలిసి కదలండి. 2023 ఆగస్టులో ఈ దారిలో చిరుత దాడిలో ఆరేళ్ల పాప చనిపోయింది. అప్పటి నుంచి పిల్లల విషయంలో, రాత్రి వేళల విషయంలో ఆంక్షలు పెట్టారు. అక్కడి భద్రతా సిబ్బంది ఆగమంటే ఆగండి, గుంపుగా వెళ్లమంటే గుంపుగానే వెళ్లండి.

అలిపిరి దారిలో మొత్తం 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. అయితే ఈ 9 కిలోమీటర్లూ ఒకేలా ఉండవు. పాదాల మండపం దగ్గర మొక్కుకుని, తలయేరు గుండు దాటాక అసలు ఎక్కుడు మొదలై గాలిగోపురం దాకా ఆగదు. సగం కంటే ఎక్కువ మెట్లు ఇక్కడే అయిపోతాయి. కొత్తవాళ్లు మొదటి 300 మెట్లు ఉత్సాహంగా ఎక్కేసి, ఐదొందల దగ్గర గుండె పట్టుకుని కూర్చుంటారు. మీరు మొదటి మెట్టు నుంచే నెమ్మదిగా ఎక్కండి. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతుంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. గోవిందా అని గొంతెత్తి పిలవడానికి ఊపిరి చాలకపోతే వేగం తగ్గించాలి, ఇంతకంటే మంచి కొలత లేదు.

పాదం మొత్తం మెట్టు మీద ఆనించండి, మునివేళ్ల మీద ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి. 20 నిమిషాలు ఎక్కాక రెండు నిమిషాలు నిలబడే ఆగండి. గాలిగోపురం దాకా కూలబడి కూర్చోవద్దు, లేచాక కాళ్లు కదలవు.

మేము మెట్లు చెప్పుల్లేకుండానే ఎక్కుతాం, బూట్లు సంచిలో ఉంటాయి. అలా ఎక్కేవాళ్లు ఒకటి గమనించాలి. మెట్ల పూజ చేసేవాళ్లు ప్రతి మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తారు. పసుపు నీళ్లు పడిన మెట్టు జారుతుంది, కర్పూరం ఆరిపోయినా రాయి వేడిగానే ఉంటుంది. వాళ్లు ఏ వైపు ఉన్నారో చూసుకుని రెండో వైపు నుంచి ఎక్కండి, వాళ్లకీ ఇబ్బంది ఉండదు.

గాలిగోపురం దగ్గర పావుగంట కూర్చోవచ్చు. పులిహోర సగం ఇక్కడ తినేయండి. వెనక్కి తిరిగి చూస్తే తిరుపతి మొత్తం కనబడుతుంది. మా తమ్ముడు ప్రతిసారీ మా ఇల్లు ఎక్కడుందో వెతుకుతాడు. చిన్నప్పుడు నాన్న చూపించిన చోటే, మళ్లీ మొదటిసారి చూసినట్టు. ఆ పావుగంట కోసమైనా తోబుట్టువుతో రావాలి అనిపిస్తుంది నాకు.

ఇక్కడి నుంచి చాలాదూరం చదునుగా ఉంటుంది. ఏడో మైలు ఆంజనేయస్వామి, జింకల పార్కు దాటుకుంటూ హాయిగా నడవచ్చు. దారి ఘాట్ రోడ్డును ఆనుకుని సాగే చోట వాహనాలు చూసుకోండి. కోతులున్న చోట చేతి సంచులు బయటికి వేలాడదీయకండి. అలసిపోయామన్న సంగతి ఈ చదును దారిలో మరిచిపోతాం, ఆ తర్వాత ఎదురవుతుంది మోకాళ్ల పర్వతం. రామానుజాచార్యులు ఈ కొండను పాదాలతో తొక్కకుండా మోకాళ్ల మీద ఎక్కారని పెద్దలు చెబుతారు. నిటారుగా ఉండే మెట్లు. అందుకే ఇది మొదలయ్యే ముందు ఒక గ్లాసు ఓఆర్ఎస్ తాగండి. తొడల మీద చేతులు ఆనించి, ఒక్కొక్క మెట్టూ. బ్యాగుతో కలిపి మాకు మొత్తం నాలుగున్నర గంటలు పడుతుంది. మీకు ఐదైనా తొందరపడక్కర్లేదు.

తిరుమలలో రాత్రి

ముక్కోటి రోజుల్లో గది దొరకడం కష్టం. ముందే ఆన్‌లైన్‌లో దొరికితే మంచిది. లేకపోతే యాత్రికుల వసతి సముదాయాల్లో ఆధార్ చూపిస్తే లాకర్ ఇస్తారు, హాల్లో పడుకోవచ్చు. ఇద్దరికీ అది చాలు. తిరుమల సముద్ర మట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తులో ఉంటుంది, ఫాల్గుణంలో కూడా తెల్లవారుజామున చలి తగులుతుంది. దుప్పటి తెచ్చింది అందుకే.

దర్శనాన్ని ఈ ప్రయాణంలో కలపొద్దన్నది నా గట్టి అభిప్రాయం. క్యూలో గంటలకొద్దీ నిలబడిన కాళ్లతో తెల్లారి అడవి నడవడం తగదు. తిరుపతివాళ్లం, దర్శనానికి ఇంకో రోజు రావచ్చు. మహాద్వారం ఎదుట నిలబడి దండం పెట్టుకుని రండి.

రాత్రి భోజనం తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ పేరు తలచుకోండి. మన తరిగొండ నుంచి వచ్చిన ఆ 18వ శతాబ్దపు కవయిత్రి, కొండ మీద మనుషుల వేధింపులు భరించలేక ఏళ్ల తరబడి తపస్సు చేసుకున్న చోటు తుంబురు కోనే అంటారు. రేపు మనం నలుగురితో కలిసి, బ్యాగులో ఓఆర్ఎస్ పెట్టుకుని నడిచే దారిలో ఆవిడ ఒంటరిగా ఉన్నారు. ఆవిడ పేరున్న చోట అన్నం తిని ఆ కోనకు బయల్దేరడం నాకు ఎప్పుడూ మనసు నిండే సంగతి.

పడుకునే ముందు ఒకరి పాదాలు ఒకరు చూడండి. అవును, ఒకరివి ఒకరు. మడమ వెనక, బొటనవేలి పక్క, అరికాలి ముందు భాగం. ఎర్రగా కమిలిన చోట టేపు ఇప్పుడే వేసేయండి. తొమ్మిదికల్లా నిద్ర.

రెండో రోజు: తుంబురు కోన

పెద్ద బ్యాగులు లాకర్‌లోనే ఉంచి, ఒక చిన్న బ్యాగు చాలు. దాన్ని గంటకొకరు మోయండి. అందులో రెండేసి లీటర్ల నీళ్లు, మందుల సంచి, ఉండలు, సాక్సులు. పాపవినాశనానికి ఆర్టీసీ బస్సులు ఉంటాయి, మొదటి బస్సే ఎక్కండి. అక్కడి నుంచి తీర్థం ఒకవైపు సుమారు 7 కిలోమీటర్లు. దూరం చూసి తక్కువే కదా అనుకోవద్దు, మెట్ల దారిలో గంటకు నడిచేంత దూరం ఇక్కడ నడవలేం.

మొదట్లో దారి చెట్ల మధ్య సాగుతుంది. ఎర్రచందనం చెట్టును బెరడు చూసి గుర్తుపట్టొచ్చు, మొసలి వీపులా పలకలు పలకలుగా చీలి ఉంటుంది. తాకి చూడండి, కానీ ఒక్క పుల్ల కూడా తీసుకురావద్దు. ఆకులు రాలే కాలం కాబట్టి నేలంతా ఎండుటాకులు. వాటి కింద రాయి ఉందో గుంత ఉందో తెలియదు. అడుగు వేసేముందు కర్రతో తట్టండి, పాములకు కూడా ముందే తెలుస్తుంది.

తర్వాత బండలు. ఈ కొండల రాయి క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. తిరుమలలో చూసే శిలాతోరణం కూడా ఈ కొండల రాయిలో సహజంగా ఏర్పడినదే. ఈ రాయి పదునైన అంచులతో పలకలుగా విరుగుతుంది, నీళ్లూ పాచీ పట్టిన చోట నున్నగా జారుతుంది. చీలమండలు మడతపడేది ఇక్కడే. బండ మీద నుంచి బండ మీదికి దూకకండి. ఒక కాలు కుదురుగా ఆనాకే రెండోది లేపాలి. పొడి రాయి లేత రంగులో ఉంటుంది, తడి రాయి ముదురు రంగులో ఉంటుంది. లేత రంగు చూసి అడుగేయండి.

నీళ్లు దాటేటప్పుడు బూట్లు విప్పకండి. ఒట్టికాళ్లతో నీళ్లలో అడుగేస్తే రాళ్లు కోస్తాయి. బ్యాగు నడుం పట్టీ విప్పి ఉంచండి, పడితే వెంటనే వదిలించుకోవచ్చు. నీళ్లు వచ్చే వైపుకి ముఖం పెట్టి, పక్కకు అడుగులేస్తూ దాటండి. ఇద్దరూ చేయి పట్టుకునేటప్పుడు వేళ్లు కాకుండా ఒకరి మణికట్టు ఒకరు పట్టుకోవాలి. తడి వేళ్లు జారిపోతాయి, మణికట్టు జారదు. సిబ్బంది తాడు కట్టిన చోట తాడు వదలొద్దు, సెల్ఫీ కోసం అసలే వదలొద్దు. దాటాక రెండు నిమిషాలు కూర్చుని సాక్సులు మార్చండి. కొత్త బూట్లకు తోడు, మా వాడి మడమ మరీ పాడైంది తడి సాక్సుతో నడిచే.

కోన దగ్గరపడేకొద్దీ రెండు వైపులా రాతి గోడలు లేచి దగ్గరికి వస్తాయి, కొండను ఎవరో మధ్యకు చీల్చినట్టు ఉంటుంది. ఎండ కిందికి దిగదు, గాలి చల్లబడుతుంది, అంతసేపూ వినబడిన గోవింద నామాలు గోడలకు తగిలి తిరిగొస్తాయి. అక్కడి నీళ్లు ఒంటికి తగిలిన క్షణం గురించి నేనేం రాసినా సరిపోదు. రెండో ఏడాది మేమిద్దరం భుజాల దాకా నీళ్లలో నిలబడ్డాం. వాడు ఏమీ మాట్లాడలేదు, నా తల మీద దోసిలితో మూడుసార్లు నీళ్లు పోశాడు. చిన్నప్పుడు పుష్కరిణిలో నేను వాడికి పోసినట్టే.

ఈత రానివాళ్లు లోతు తెలియని చోట దిగొద్దు. గోడల మీద తేనెపట్లు ఉండొచ్చు. అందుకని కోనలో కర్పూరం, అగరొత్తులు వెలిగించకండి, ఘాటైన సెంట్లు పూసుకోకండి. పొగకు తేనెటీగలు రేగితే ఆ ఇరుకులో పరుగెత్తే చోటు లేదు. అదీగాక ఫాల్గుణంలో గడ్డి ఎండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు అడవి అంటుకోవడానికి.

అనుకున్న టైముకి తిరగండి. తిరుగు దారిలో ఎండ నెత్తిన ఉంటుంది, పైగా అందరూ అలసి ఉంటారు. జనం ఎక్కువై ఇరుకు చోట్ల ఆగాల్సి వస్తుంది, టెన్షన్ పడి తోసుకోవద్దు. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగండి. దారిలో టీటీడీ ఇచ్చే మజ్జిగ, నీళ్లు దొరికితే వదులుకోకండి.

ఏదైనా జరిగితే

బొబ్బ పగలకపోతే పగలగొట్టొద్దు, చుట్టూ దూది వలయంగా పెట్టి పైన టేపు వేయండి. చీలమండ మడతపడితే బూటు విప్పకుండా కాసేపు చల్లటి నీళ్లలో ఉంచి, తర్వాత క్రేప్ బ్యాండేజీ కట్టండి. బరువు ఆనించలేకపోతే నడిపించకుండా సిబ్బందికి కబురు పెట్టండి. తల తిరగడం, చెమట ఆగిపోయి ఒళ్లు కాలడం, మాట తడబడటం వడదెబ్బ గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు తడిపి, మెడకూ చంకలకూ తడిగుడ్డలు పెట్టి, సాయం పిలవండి.

పాము కాటేస్తే కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం ఏవీ చేయకండి. ఉంగరాలు, గడియారం తీసేసి, కాలు కదలకుండా కర్ర ఆసరాతో కట్టి, మోసుకుని బయటికి తీసుకురావాలి. తిరుమలలో అశ్విని ఆసుపత్రి, కింద తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. ఒకరికి దెబ్బ తగిలినప్పుడు రెండోవాళ్లు సాయం కోసం పరుగెత్తాలని చూస్తారు. ముక్కోటి నాడు దారిలో జనం ఉంటారు కాబట్టి కబురు వాళ్లతో పంపి, మీరు పక్కనే ఉండండి.

దిగిరావడం

తుంబురు నడిచిన రోజే అలిపిరి మెట్లు కూడా దిగాలని కొందరు పట్టుబడతారు. నేను ఒప్పుకోను. వణుకుతున్న తొడలతో 3,550 మెట్లు దిగితే వారం రోజులు మోకాళ్లు వంగవు. లాకర్‌లో బ్యాగులు తీసుకుని, స్నానం చేసి, ఆర్టీసీ బస్సు ఎక్కేయండి. ఘాట్‌లో మలుపులు ఎక్కువ కాబట్టి కడుపు నిండా తిని ఎక్కొద్దు.

ఇంటికొచ్చాక గోరువెచ్చటి ఉప్పు నీళ్లలో పదిహేను నిమిషాలు పాదాలు పెట్టండి. బూట్లలో నలిపిన కాగితాలు కుక్కి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే అట్ట ఊడిపోతుంది. మూడు రోజులు చిన్నగా నడవండి, మంచం మీద పడుకుంటే పట్టేసిన కండరాలు ఇంకా బిగుస్తాయి. నాలుగో రోజుకి నొప్పి తగ్గుతుంది. అప్పుడిద్దరూ కూర్చుని, కొండ దిగేదాకా వాయిదా వేసుకున్న ఆ బూట్ల చర్చ మొదలుపెట్టుకోవచ్చు.